చప్పరం నుంచి కోటగోడ దాకా: హోసూరు సీమ చలికాలపు పెళ్లి ఫొటోల చరిత్ర

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగువాళ్ల ఇళ్లలో చలికాలపు పెళ్లిళ్లు రెండు విడతలుగా జరుగుతాయి. కార్తీకంలో మొదలై డిసెంబరు నడిమిలో ధనుర్మాసం పట్టే దాకా మొదటి విడత. మాఘమాసం వచ్చాక రెండో విడత. నడుమ ముహూర్తాలు ఉండవు. ఇక్కడ తమిళ కుటుంబాలది సౌరమానం కనుక సంక్రాంతితో తై నెల పుట్టగానే వాళ్ల పెళ్లిళ్లు మొదలవుతాయి. చాంద్రమానం పాటించే తెలుగు, కన్నడ కుటుంబాలు పుష్యం దాటి మాఘం వచ్చేదాకా ఆగుతాయి. ఒకే ఊళ్లో జనవరి నెలాఖరున ఒక వీధిలో మేళం మోగుతుంటే పక్క వీధిలో ఇంకా పంచాంగం తిరగేస్తుంటారు. గురు మూఢమో శుక్ర మూఢమో వచ్చిపడితే ఈ లెక్క కూడా మారిపోతుంది.

దీనికి వ్యవసాయం కూడా కారణమే. హోసూరు నుంచి రాయకోట వెళ్లే దారిలో ఉన్న ఉద్దనపల్లి వంటి ఊళ్లలో వానకు పండే పంట రాగి. కోతలు, నూర్పిళ్లు చలికాలంలో అయిపోతాయి. గాదెలో గింజ, చేతిలో నాలుగు డబ్బులు, పొలంలో తీరిక మూడూ కుదిరేది అప్పుడే. అందువల్ల ఈ సీమలో ఫొటోగ్రాఫర్ ఏడాది ఆదాయంలో పెద్ద భాగం ఈ కొద్ది నెలల మీదే ఆధారపడుతుంది. తెలిసినంతలో కెమెరా ఇక్కడికి మొదట వచ్చింది కూడా చలికాలంలోనే. అయితే అది పెళ్లి కోసం రాలేదు.

కొండను తీసిన తొలి కెమెరా

ఫొటో తీసే పద్ధతిని 1839లో పారిస్‌లో ప్రకటించారు. ఏడాది తిరిగేలోగా కెమెరాలు కలకత్తాలో అమ్మకానికి వచ్చాయి. మద్రాసులో 1856లో ఫొటోగ్రఫిక్ సొసైటీ ఏర్పడింది. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం లినియస్ ట్రైప్ అనే సైనికాధికారిని తన అధికారిక ఫొటోగ్రాఫరుగా నియమించింది. ప్రెసిడెన్సీలోని కోటలు, గుళ్లు, కొండలు శిథిలమయ్యేలోగా వాటికి నమ్మకమైన చిత్రాలు తయారు చేయడం అతని పని.

ట్రైప్ 1857 డిసెంబరులో బెంగళూరు నుంచి ఎద్దుబండ్ల మీద సామాను వేసుకుని దక్షిణానికి బయలుదేరాడు. ఆ ప్రయాణంలో తీసిన చిత్రాలు 1858లో మద్రాసులో ఆల్బములుగా వెలువడ్డాయి. మధుర, తంజావూరు, శ్రీరంగం, తిరుచిరాపల్లి, పుదుక్కోట ఆల్బములతో పాటు రాయకోటకు, సేలం జిల్లాలోని ఇతర స్థలాలకు కలిపి ఒక ఆల్బము ఉంది. ఉద్దనపల్లికి పొరుగున ఉన్న రాయకోట కొండ ఆ విధంగా దక్షిణ భారతపు తొలితరం ఫొటోలలోకి ఎక్కింది.

రాయకోటను ఎంచుకోవడానికి కారణం లేకపోలేదు. మైసూరు పీఠభూమి నుంచి బారామహల్ అనే కింది సీమలోకి దిగే దారిని కాసే కోట అది. 1791లో మూడో మైసూరు యుద్ధంలో ఈస్టిండియా కంపెనీకి చెందిన మేజర్ గౌడీ దళం దాన్ని పట్టుకుంది. 1792 శ్రీరంగపట్టణం సంధితో టిప్పు సుల్తాను బారామహల్‌ను కంపెనీకి వదులుకున్నాడు. పైనున్న హోసూరు, డెంకణికోట భాగం 1799 తర్వాత గాని కంపెనీ చేతికి రాలేదు. కోటను గెలిచిన ప్రభుత్వమే అరవై ఏళ్లు దాటాక దాని బొమ్మ తీయించింది.

ట్రైప్ వాడినవి మైనం పట్టించిన పెద్ద పెద్ద కాగితపు నెగటివ్‌లు. వాటి మీద బొమ్మ పడాలంటే లెన్సు మూత చాలాసేపు తెరిచి ఉంచాలి. కదలని బండ, కదలని గోడ స్పష్టంగా పడతాయి. నడిచే మనిషి మసకమరకై పోతాడు, లేదా అసలు కనబడడు. తెలిసినంతలో ఈ సీమ మొదటి ఫొటోలు ఊరివాళ్ల ముఖాల కోసం తీసినవి కావు. ఖర్చు ఎక్కువని ప్రభుత్వం 1860 నాటికి ట్రైప్ ఉద్యోగాన్ని ఎత్తేసింది.

స్టూడియోలో గీసిన కోట

పెళ్లికీ ఫొటోకూ ముడి పడడానికి ఎక్కడైనా కొంత కాలం పట్టింది. విక్టోరియా రాణి పెళ్లి 1840 ఫిబ్రవరిలో, ఫొటోగ్రఫీ పుట్టిన మరుసటి ఏడాదే జరిగినా ఆ రోజు ఫొటో ఒక్కటీ తీయలేదు. ఆమె, ఆల్బర్టు కొలువు దుస్తులలో నిలబడి రోజర్ ఫెంటన్‌తో ఫొటోలు తీయించుకున్నది 1854లో. పెళ్లి ఒక రోజు, ఫొటో మరో రోజు అన్నది చాలాకాలం ప్రపంచమంతటా సాగిన పద్ధతి.

తెలుగునాట ఈ కళకు పెద్ద దిక్కు లాలా దీన్‌దయాళ్. 1880లలో ఆరో నిజాము కొలువులో చేరి సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్ల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టాడు. పరాయి మగవాడు కెమెరా వెనక నల్లగుడ్డ కింద నుంచి తేరిపార చూస్తాడన్న బిడియం అంత బలంగా ఉండేది. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందన్న భయం పల్లెల్లో మరింతకాలం నిలిచింది.

హోసూరు సీమకు దగ్గరి పట్నం బెంగళూరు, దూరం సుమారు 40 కిలోమీటర్లు. అక్కడ దండు ప్రాంతంలో దొరల కోసం మొదలైన స్టూడియోలు క్రమంగా దేశీయ కుటుంబాలకూ తలుపులు తెరిచాయి. 1910లో మొదలైన జి.కె. వేల్ వాటిలో పేరున్నది. కలిగినవాళ్లు పెళ్లయిన కొన్నాళ్లకు కొత్తజంటను పట్నం తీసుకెళ్లి ఫొటో తీయించేవారు. భర్త కుర్చీలో కూర్చుంటే భార్య పక్కన నిలబడడం ఆనాటి వరస. వెనక తెర మీద మెట్లు, పాలరాతి స్తంభాలు, దూరంగా ఒక కోట గీసి ఉండేవి. పుట్టి పెరిగిన ఊరి పక్కనే అసలు కోట ఉన్నవాళ్లు కూడా గుడ్డ మీద రంగులతో వేసిన కోట ముందు నిలబడ్డారు. కారణం సాంకేతికం. పెద్ద కెమెరా, గాజు ప్లేట్లు, పైకప్పు అద్దంలోంచి పడే చల్లని వెలుతురు అన్నీ ఉన్నది స్టూడియోలోనే.

ఆ ప్లేట్లకు మరో గుణం ఉండేది. తొలినాటి ప్లేట్లు నీలి వెలుగుకే బాగా స్పందించేవి. పసుపు, ఎరుపు రంగులు వాటికి చీకటి కిందే లెక్క. కాబట్టి పసుపు రాసుకున్న పెళ్లికూతురి ముఖం ఉన్న చాయకంటే నల్లగా, ఎర్రచీర నల్లచీరగా, కుంకుమబొట్టు నల్లచుక్కగా పడేవి. నెగటివ్ మీద సన్నని పెన్సిలుతో ముఖభాగాన్ని దిద్ది అచ్చులో తెల్లబరచడం స్టూడియోలలో ఒక ప్రత్యేకమైన పనితనం. అచ్చు తీశాక నగలకు పసుపురంగు, పెదవులకు ఎరుపు చేత్తో అద్దేవారు. అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ ఫిల్ము వ్యాపించాక గాని పసుపు ముఖానికి న్యాయం జరగలేదు.

పన్నెండు ఫ్రేముల పెళ్లి

స్వాతంత్ర్యం తర్వాతి దశాబ్దాలలో కెమెరా పెళ్లి చప్పరంలోకి నడిచి వచ్చింది. మెడలో వేలాడదీసుకుని పైనుంచి చూసే రెండు లెన్సుల కెమెరాలు, రోలైకార్డు, యాషికా వంటివి, చిన్న పట్టణాల స్టూడియోలకూ అందాయి. వాటిలో వాడే 120 ఫిల్ము చుట్టకు పడేవి పన్నెండు చదరపు ఫ్రేములు. విదేశీ ఫిల్ము దిగుమతి మీద ఆంక్షలున్న ఆ రోజుల్లో ఊటీలో 1960లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టి, ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్ము, కాగితం అందించింది.

పెళ్లికి ఒకటో రెండో చుట్టలు మాత్రమే కొనగలిగిన ఇంట్లో ఏ ఘట్టం తీయాలి, ఏది వదలాలి అన్నది ముందే తేల్చుకోవాలి. జీలకర్ర బెల్లం, మాంగళ్యధారణ, తలంబ్రాలు, సప్తపది, అమ్మాయి అప్పగింతలు తప్పనిసరి. తర్వాత రెండు వైపులా పెద్దలతో చెరొకటి, అన్నదమ్ములతో ఒకటి, మేనమామతో ఒకటి. ఒక్క చుట్టే అయితే మిగిలిన మూడు ఫ్రేములకు పోటీ ఎక్కువ. ఆల్బములో చోటు దక్కని బంధువు అలగడం ఈ లెక్కల ఫలితమే. వంటవాళ్లు, మేళగాళ్లు, చాకలి, మంగలి వంటి పెళ్లిని నడిపించిన మనుషులు ఆనాటి ఫొటోలలో అరుదుగా కనబడడానికీ ఇదే కారణం.

దక్షిణాదిలో కొన్నిచోట్ల పెళ్లి రాత్రి, కొన్నిచోట్ల పగలు. హోసూరు సీమలో బెంగళూరు, తమిళ పద్ధతుల ప్రభావంతో ముందురోజు సాయంత్రం రిసెప్షన్, మర్నాడు తెల్లవారుజామున ముహూర్తం స్థిరపడ్డాయి. చలికాలంలో ఆ వేళకు చీకటి పోదు, సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలోనే. కాబట్టి ఫ్లాష్ లేనిదే తాళికట్టు ఫొటో లేదు. మెగ్నీషియం పొడి వెలిగించే రోజుల్లో పొగ, నిప్పు భయం ఉండేవి. తర్వాత వచ్చిన ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగి కాలిపోయేది. ఒక ఫ్రేముకు ఒక బల్బు ఖర్చు. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వచ్చాక ఆ ఖర్చు పోయినా, ఒకసారి వెలిగాక మళ్లీ ఛార్జి ఎక్కడానికి కొన్ని క్షణాలు ఆగాల్సిందే. ఆ క్షణాల కోసమే ఫొటోగ్రాఫర్ ‘సామీ, కొంచెం ఆగండి’ అని పురోహితుణ్ణి బతిమాలేవాడు. మూడు ముళ్లలో మొదటిది గడియ కోసం, చివరిది కెమెరా కోసం అన్న హాస్యం అక్కడ పుట్టిందే.

రంగులు, కేసెట్లు, కొత్త జీతాలు

1970ల నుంచి హోసూరులో పారిశ్రామికవాడ పెరిగింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ కర్మాగారాలు 1980లలో వేలమందికి నెలజీతాలు తెచ్చాయి. పంట వచ్చినప్పుడే కాక నెలనెలా డబ్బు కనబడడంతో పెళ్లి ఖర్చు తీరు మారింది. అదే దశాబ్దంలో 35 ఎంఎం కలర్ ఫిల్ము సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. చుట్టకు 36 ఫ్రేములు. నలుపు తెలుపు ఫిల్మును స్టూడియో వెనక చీకటిగదిలో కడిగే ఫొటోగ్రాఫర్, కలర్ ఫిల్మును బెంగళూరు ల్యాబులకు పంపక తప్పలేదు. బస్సులో వెళ్లిన చుట్ట ఫొటోలై తిరిగొచ్చే దాకా పెళ్లివారికి ఎదురుచూపు, ఫొటోగ్రాఫరుకు గుండెదడ. కెమెరాలో ఫిల్ము సరిగా ఎక్కలేదని అప్పుడు తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

వీడియో కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. భుజాన వీహెచ్ఎస్ కెమెరా, వెనక వైరు చుట్ట, పక్కన హాలోజెన్ దీపం పట్టుకునే కుర్రాడు. ఆ దీపపు వేడికి, హోమం పొగకు మధ్య వధూవరులు చలికాలంలోనూ చెమట తుడుచుకునేవారు. మూడు గంటల కేసెట్టులో సినిమా పాటలు కలిపి, హృదయాకారపు చట్రంలో జంటను చూపించడం ఆనాటి ఫ్యాషన్. పన్నెండు ఫ్రేములలో చోటు దక్కని పంక్తిభోజనాలు, వంటశాల, చదివింపులు రాసే బల్ల, పిల్లల ఆటలు మొదటిసారి నమోదైంది ఈ కేసెట్లలోనే. కుటుంబచరిత్రకు ఆల్బముల కంటే ఇవే ఎక్కువ చెబుతాయి.

2000 తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చి ఫ్రేముల లెక్కను రద్దు చేశాయి. కంప్యూటరులో పేర్చి అచ్చువేసే బరువైన ఆల్బములు, ఆపైన పోజు పెట్టించకుండా తీసే ‘క్యాండిడ్’ పద్ధతి, డ్రోన్లు వరసగా వచ్చాయి. ఒక పెళ్లికి వేల ఫొటోలు తీయడం మామూలైంది. పాత ఫొటోగ్రాఫరుకు ఎంపిక ముందు, కొత్త ఫొటోగ్రాఫరుకు ఎంపిక తర్వాత.

రాతిమండపంలో చలికాలపు వెలుతురు

గుడిలో పెళ్లి ఈ సీమలో పాత ఆచారం. మొక్కు తీర్చుకోవడానికి, ఖర్చు తగ్గించుకోవడానికి, ఇష్టపడి పెళ్లి చేసుకున్న జంటకు ఆసరా ఇవ్వడానికి గుడి ఉపయోగపడుతూ వచ్చింది. హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వరస్వామి, డెంకణికోట బేటరాయస్వామి ఆలయాలు ఇక్కడి జనం మూడు భాషల్లోనూ కొలిచే దేవుళ్ల నెలవులు.

రాతిమండపంలో ఫొటో తీయడం కల్యాణమండపంలో తీసినంత సులువు కాదు. కల్యాణమండపానికి తెల్లని పైకప్పు ఉంటుంది. ఫ్లాష్‌ను పైకి తిప్పితే ఆ వెలుగు కప్పుకు తగిలి మెత్తగా ముఖాల మీద పడుతుంది. వందల ఏళ్ల దీపాల మసి పట్టిన రాతికప్పు ఆ వెలుగును మింగేస్తుంది. ఫ్లాష్‌ను నేరుగా కొడితే ముఖాలు తెల్లబోయి వెనక స్తంభాలు చీకట్లో కలిసిపోతాయి. దానికి తోడు లోపలి దీపాల వెలుగు పసుపు, బయటినుంచి వచ్చే ఉదయపు వెలుగు నీలం. రెండూ ఒకే ముఖం మీద చెరోవైపు పడితే చర్మం రంగు కుదరదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు జంటను మండపం అంచుకు, తెరచి ఉన్న వైపుకు ముఖం ఉండేలా కూర్చోబెట్టమని పురోహితుణ్ణి ముందే కోరతారు.

హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మాఘమాసపు తెల్లవారుజామున బయట చల్లబడ్డ లెన్సును జనంతో, హోమంతో వెచ్చబడ్డ మండపంలోకి తేగానే గాజు మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. గాజు గది వేడికి వచ్చేదాకా ఆగడమే మందు. కనుక ముహూర్తానికి అరగంట ముందే కెమెరాలను లోపలికి తెచ్చి ఉంచాలి.

ఈ ఇబ్బందులకు ప్రతిఫలం సూర్యోదయం తర్వాత దొరుకుతుంది. ఇక్కడి అక్షాంశం పన్నెండున్నర డిగ్రీల పైచిలుకు. ఏప్రిల్ నెలాఖరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కళ్లకింద, ముక్కుకింద నల్లటి నీడలు తప్పవు. డిసెంబరు నెలాఖరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు 54 డిగ్రీల ఎత్తు దాటడు. వెలుతురు ఏటవాలుగా పడి స్తంభాల శిల్పాలను, పట్టుచీర జరీని తేటగా చూపిస్తుంది. కార్తీకంలో ఈశాన్య రుతుపవనాల మబ్బు, ముసురు ఉండవచ్చు. మాఘంలో ఆకాశం తేటపడుతుంది. ముహూర్తం చీకట్లో ముగించుకుని, ఎండ వచ్చాక జంటను గుడిమెట్ల మీదకు, గోపురం ముందుకు తీసుకెళ్లే అలవాటు ఈ కారణం చేతనే స్థిరపడింది.

మళ్లీ కోటకు

గత పదిహేనేళ్లలో పెళ్లికి ముందే జంటను బయటికి తీసుకెళ్లి ఫొటోలు తీసే పద్ధతి ఊరూరా పాకింది. పాత స్టూడియో తెర మీది కోట ఇప్పుడు అసలు కోటగా మారింది. బెంగళూరు ప్యాలెస్, నంది కొండ, లేపాక్షి, గండికోట, గోల్కొండ దాకా జంటలు ప్రయాణం కడుతున్నాయి. రాయకోట, కృష్ణగిరి కొండలు ఇంటి పక్కనే ఉన్నాయి. ట్రైప్ కెమెరాలో దాదాపు మనుషులు లేకుండా పడిన కోటకు ఇప్పుడు మనుషులే ముఖ్యం, కోట వెనక తెర.

ఐతే చారిత్రక స్థలాలన్నీ ఒక్క తరహావి కావు. మొదటి రకం యజమానులున్న రాజభవనాలు. 2010లో హోటలుగా తెరిచిన హైదరాబాదు ఫలక్‌నుమా, వేడుకలకు అద్దెకిచ్చే చౌమహల్లా ఈ కోవకు చెందుతాయి. ఇక్కడ ఒప్పందం, రుసుము ఉంటే పెళ్లి జరుపుకోవచ్చు.

రెండో రకం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. రాయకోట, కృష్ణగిరి కోటలు వాటిలోనివే. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద 1959లో వచ్చిన నియమాల ప్రకారం రక్షిత కట్టడంలో సభలు, విందులు, వినోదాలు కేంద్రం రాతపూర్వక అనుమతి లేకుండా జరపరాదు. గుర్తింపు పొందిన మతాచారం ప్రకారం సాగే కార్యక్రమాలకు మాత్రం మినహాయింపు ఉంది. సినిమా తరహా చిత్రీకరణకు వేరే లైసెన్సు కావాలి. కట్టడాన్ని పాడుచేస్తే 2010 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. గోడల మీద జంట పేర్లు రాయడం ఈ పరిధిలోకి వస్తుంది.

మూడో రకం పూజలందుకునే గుళ్లు. తమిళనాడులో వీటిలో ఎక్కువ భాగం హిందూ ధర్మాదాయ శాఖ అజమాయిషీలో ఉన్నాయి. మూలవిరాట్టును ఫొటో తీయకూడదన్నది అంతటా ఉన్న కట్టుబాటు. 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మధుర ధర్మాసనం రాష్ట్రమంతటా ఆలయాల లోపల మొబైల్ ఫోన్లను నిషేధించమని ఆదేశించింది. కనుక గుడిలో పెళ్లి కుదుర్చుకునేవాళ్లు రసీదు రాయించుకునే రోజే కెమెరా ఎంతవరకు రావచ్చో ఆలయ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు.

ఫొటో ఎవరిది, ఎన్నాళ్లది

పెళ్లి ఫొటో మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకు 1957 కాపీరైటు చట్టం జవాబు చెబుతుంది. డబ్బు చెల్లించి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. ఫొటోగ్రాఫర్ తన ప్రచారానికి వాడుకోవాలంటే ముందే మాట్లాడుకోవాలి. కానీ నెగటివ్‌లు మాత్రం ఆనవాయితీగా స్టూడియో బీరువాలోనే ఉండిపోయాయి. స్టూడియో మూతపడితే అవి పాత సామాను కింద పోతాయి.

వాటిలో ఉన్నది ఒక కుటుంబపు జ్ఞాపకం ఒక్కటే కాదు. ఏ కాలంలో ఏ నగలు పెట్టుకున్నారు, చప్పరం దేనితో వేశారు, వెనక గోడ మీది అక్షరాలు తెలుగా తమిళమా కన్నడమా, గుడి మండపం మరమ్మతులకు ముందు ఎలా ఉండేది అన్న వివరాలు కూడా ఉన్నాయి. 1965లో సేలం నుంచి ధర్మపురి, 2004లో ధర్మపురి నుంచి కృష్ణగిరి విడివడి జిల్లా పేర్లు మారుతూ వచ్చిన ఈ సీమలో, తెలుగువాళ్ల ఇంటి ఆచారాలకు ఇంత వివరమైన దృశ్యసాక్ష్యం మరొకటి దొరకదు.

అది నిలవాలంటే పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పులిసిన వాసన వేస్తున్న ఫిల్ము పాడవడం మొదలైందని అర్థం, దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి వెంటనే స్కాన్ చేయించాలి. జిగురు పుటల ఆల్బముల నుంచి ఫొటోలను జాగ్రత్తగా విడదీసి కాగితపు కవర్లలో పెట్టాలి. వీహెచ్ఎస్ టేపులు ఏటికేడు చెడిపోతాయి కనుక వాటికి మొదటి వంతు ఇవ్వాలి. అన్నిటికంటే ముందు, ఫొటోలోని మనుషులను గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఉండగానే ప్రతి ఫొటో వెనక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, గుడి లేదా మండపం పేరు, సంవత్సరం రాసి పెట్టాలి. ఈ పని ఇంటివాళ్లు తప్ప మరెవరూ చేయలేరు.